కాజాలు ఊడిన చొక్కా

పోయిన వారం మీరు నన్ను చూసినప్పుడు స్కూలు ఆఫీసు మెట్ల మీద ఒక కాగితం పట్టుకుని, నోట మాట రాక నిలబడి ఉన్నాను. ఆ మెట్లు దిగి వచ్చేశాను. మాట కూడా తిరిగొచ్చింది. ఇప్పుడు ఆపమన్నా ఆపను.

ఈ వారమే కొత్తగా ఈ పేజీ తిప్పినవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెబుతాను. నేను యూనిఫాంలు కుట్టే దర్జీని. మా తమ్ముడు స్కూలు బస్సు డ్రైవరు. పదకొండేళ్లుగా నడుపుతున్నాడు, ఆ బస్సు మీద ఒక్క గీత పడలేదు. మంగళవారం పొద్దున పిల్లల తల్లిదండ్రుల ఫోన్ గ్రూపులో ఒక ఫోటో వచ్చింది. మా తమ్ముడు స్టీరింగు ముందు కూర్చుని సీసా ఎత్తి గటగటా తాగుతున్నాడు. చొక్కా గుండెల దాకా తెరిచి ఉంది. వెనక సీట్లలో పిల్లలు బిక్కమొహాలు వేసుకుని కూర్చున్నారు. దగ్గు మందు తాగితేనే తూలిపోయే మనిషి వాడు! కానీ సాయంత్రానికల్లా ఊరంతా వాడు తాగుబోతయ్యాడు. "తాగానని ఒప్పుకుని శుక్రవారం మధ్యాహ్నం పన్నెండింటికల్లా రాసిచ్చి వెళ్లిపో, లేదంటే పోలీసులకు అప్పగిస్తాను" అన్నాడు ప్రిన్సిపాల్. నేను వెళ్లి మొత్తుకుంటే ఆ ఫోటోనే పెద్దగా ప్రింటు తీయించి నా చేతిలో పెట్టి, "ఫోటో అబద్ధం చెప్తుందా అమ్మా?" అన్నాడు.

ఇప్పుడు శుక్రవారం పొద్దున పదిన్నర. తమ్ముడు అప్పటికే స్కూలుకి వెళ్లిపోయాడు. నేను కొట్టు తలుపు సగమే తీసి, బట్ట కత్తిరించే బల్ల మీద ఆ ఫోటో పరిచి, సూదిలో దారం ఎక్కించేటప్పుడు పెట్టుకునే భూతద్దం తీశాను.

మూడు రోజులుగా ఆ ఫోటోలో వాడి మొహమే చూస్తున్నాను. మొహం చూసినంతసేపూ ఏడుపే. ఈసారి మొహం మీద నా అరచెయ్యి పెట్టి మూసేసి, చొక్కా చూశాను. దర్జీదాన్ని కదా, మొదట చూడాల్సింది చొక్కానే. నా బుద్ధి గడ్డి తిన్నది.

జేబు కుడివైపు ఉంది.

కుర్చీ వెనక్కి నెట్టి లేచి, "ఏమండీ!" అని కేకేశాను. ముందు గదిలో దారపు ఉండలు సర్దుతున్న మా ఆయన చేతిలోంచి రెండు ఉండలు దొర్లుకుంటూ గడప దాకా వెళ్లాయి.

"ఏంటే, ఏమైంది?"

"ఈ జేబు చూడండి."

ఆయన వంగి చూశారు. "చూశాను. జేబే."

"ఏ వైపుంది?"

"కుడివైపు. అయితే ఏంటి? ఫోటో తిరగబడి ఉంటుంది. అద్దంలో చూసుకున్నట్టు వస్తుందిగా ఒక్కోసారి."

"తిరగబడితే బొత్తాల పట్టీ కూడా తిరగబడాలి. మగవాళ్ల చొక్కాకి ఎడమ పట్టీ పైకి వస్తుంది, కుడి పట్టీ కిందికి పోతుంది. ఇక్కడ సరిగ్గానే ఉంది. జేబు ఒక్కటే కుడివైపుంది. చొక్కా గురించి మీరు నాకు పాఠం చెప్తారా?"

చెప్పలేదు. ఎందుకంటే ఆయనకీ గుర్తొచ్చింది. నేను ఆయన మొహమే చూస్తున్నాను కాబట్టి గుర్తురావడం కూడా నాకు కనిపించింది.

మా తమ్ముడిది ఎడమచేతి వాటం. ఎడమవైపు జేబులోంచి ఎడమ చేత్తో పెన్ను తీసుకోవడానికి వాడు పడే అవస్థ చూడలేక, పోయిన ఏడాది కొత్త యూనిఫాం కుట్టినప్పుడు జేబు కుడివైపు పెట్టాను. ఇక్కడే తొడిగి చూసుకుని, చిన్నపిల్లాడిలా పది సార్లు పెన్ను తీసి పెట్టుకున్నాడు. తర్వాత విప్పి, మడత పెట్టి స్కూలుకి పట్టుకెళ్తే, "యూనిఫాం అంటే అందరికీ ఒకేలా ఉండాలి" అని వెనక్కి పంపారు. ఆ సాయంత్రమే కుట్లు విప్పి జేబు ఎడమవైపుకు మార్చాను. ఆ జేబు కుడివైపు బతికింది ఒకే ఒక్క పూట, అదీ ఈ కొట్లోనే. ఆ జేబుతో వాడు బస్సెక్కిందే లేదు.

"ఆ పూట వాడికి ఫోటో తీసింది ఎవరండీ?"

ఆయన గడప దగ్గర పడ్డ దారపు ఉండలు ఏరడానికి వంగారు.

"మిమ్మల్నే అడుగుతున్నాను."

"నేనే తీశాను. కొట్టు పోస్టరు కోసం. నువ్వు కూడా బాగుందన్నావుగా."

తలెత్తి గోడ వైపు చూశాను. ఆ పోస్టరు అక్కడే ఉంది. డ్రైవరు, నర్సు, కాపలావాడు, వంటమనిషి, అందరూ మా బట్టల్లో నవ్వుతూ నిలబడి ఉంటారు. ఎక్కడి ఫోటోలివి అని అప్పుడడిగితే, "ఏఐతో చేశాను, ఫ్రీ" అన్నారు ఈయన గర్వంగా. ఫ్రీ అనే మాట వింటే మా ఆయనకు పూనకం వస్తుంది. ఒకసారి ఫ్రీగా ఇచ్చారని గుర్రం జీను తుడిచే నూనె పట్టుకొచ్చారు. గుర్రం మాత్రం ఎవరూ ఇవ్వలేదు. నాలుగు మాటలు టైపు చేస్తే నిజం మనుషుల్లాంటి ఫోటోలు వస్తాయంటే ఇక ఆగుతారా? తమ్ముడి ఫోటో దాంట్లో వేసి, వీణ్ని ఇలా నిలబెట్టు, అలా నవ్వించు అని రాసి, ఆ డ్రైవరు బొమ్మ చేశారు. బాగుందని మెచ్చుకున్నది నేనే. నా నోటికి తాళం పడిపోతే బాగుండేది.

"వాడి మొహం దాంట్లో వేసే ముందు వాణ్ని అడిగారా?"

"మన తమ్ముడే కదే. అడిగేదేముంది?"

"మన తమ్ముడు కాబట్టే అడగాలి! కొలతలు తీసుకోవడానికి వచ్చిన పరాయివాడి భుజం మీద టేపు వెయ్యాలన్నా నేను 'వెయ్యనా' అని అడుగుతాను. మీరు మనిషి మొహాన్నే తీసుకెళ్లి ఇచ్చేశారు. ఊరికే ఇచ్చేవాడు మీ దగ్గర ఏం తీసుకుంటాడో చూశారా?"

"ఏమీ తీసుకోడే. మొదట్లో ఒక టిక్కు పెట్టమంటాడు, అంతే."

"టిక్కు పక్కన ఏం రాసుంది?"

"చదవలేదు." కాస్త ఆగి, "చాలా ఉంది" అన్నారు.

"తెరవండి" అన్నాను. ఆయన ఫోను తీసి బొమ్మలు చేసే ఆ సైటు తెరిచారు. నేనే లాక్కుని చూశాను. ఆ టిక్కు పక్కన ఉన్నది ఇదీ: డబ్బు కట్టనివాళ్లు చేసే బొమ్మలన్నీ, అందులో వేసే ఫోటోలన్నీ అందరికీ కనిపిస్తాయి, ఎవరైనా వాటిని తీసుకుని మార్చుకోవచ్చు. మా తమ్ముడు కుడి జేబుతో నవ్వుతున్న అసలు ఫోటో కూడా అక్కడే, దారిన పోయే దానయ్యలందరి ముందు, పోయిన ఏడాది నుంచీ వేలాడుతోంది. దాని కింద చిన్న అక్షరాలతో ఉంది: "దీని నుంచి చేసినవి, పద్నాలుగు."

నొక్కాను.

పద్నాలుగు బొమ్మలూ వరసగా వచ్చాయి. ప్రతి బొమ్మ కిందా, చేసినవాళ్లు ఏం టైపు చేశారో ఆ వాక్యం కూడా ఉంది. చేసినవాళ్ల పేరు లేదు, పేరుండే చోట ఒక గులాబీ పువ్వు ఉంది. మొదటి బొమ్మ కింద, "ఈ డ్రైవరు బస్సులో నిద్రపోతున్నట్టు" అని. మా తమ్ముడు స్టీరింగు మీద తల పెట్టి పడుకున్నాడు, స్టీరింగు సగం వాడి చెంపలోకి దూరిపోయింది. నాలుగో దాని కింద, "నిద్ర కాదు, సీసాతో తాగుతున్నట్టు." ఐదో దాని కింద, "చేతికి ఆరు వేళ్లు వచ్చాయి, ఐదు చెయ్యి." ఏడో దాని కింద, "వెనక పిల్లలు కావాలి." ఎనిమిదో దాని కింద, "పిల్లలు నవ్వకూడదు, భయపడాలి."

నేను చదివి వినిపిస్తుంటే మా ఆయన బల్ల అంచు పట్టుకుని నిలబడిపోయారు. నాకు ఏడుపు రాలేదు. ఎవరో కోపంలో ఒక తిట్టు తిట్టి వదిలేయడం కాదిది. కూర్చుని, ఓపిగ్గా, సరిచూసుకుంటూ, వాడి బతుకును ముక్క ముక్కగా చెడగొట్టారు. నేను కాలర్ వంకర పోతే విప్పి మళ్లీ కుట్టినట్టు, వాడి వేళ్లు లెక్కపెట్టి మరీ కుట్టారు.

తొమ్మిదో బొమ్మ చూసి ఆగిపోయాను. చొక్కా నిండా చిల్లులున్నాయి. కింద ఇలా ఉంది: "చొక్కాకి పై రెండు కాజాలు ఊడిపోయి ఉండాలి." పదో దాని కింద విసుగ్గా, "చిల్లులు వద్దు. కాజాలు ఊడాలి, ఛాతీ కనపడాలి" అని ఉంది.

కాజా అంటే బొత్తం దూర్చే కన్నం. దానికి చుట్టూ దారంతో కుడతాం. ఊడేది బొత్తం. కన్నం ఎక్కడైనా ఊడి కింద పడుతుందా? ఆ బొమ్మలు చేసే మిషనుకి తెలిసిన పాటి కూడా తెలియలేదు రాసిన మనిషికి, పాపం అది చిల్లులే పెట్టింది. బొత్తాన్ని కాజా అనే మనిషి నాకు తెలిసి ఈ భూమ్మీద ఒక్కరే. పెళ్లైన కొత్తలో "నా చొక్కా కాజా ఊడిందే, కుట్టు" అని వచ్చి, ఇరవై ఏళ్లు నా చేత ఎగతాళి చేయించుకున్నా మార్చుకోని మనిషి.

ఫోను బల్ల మీద పెట్టాను. విసిరికొట్టలేదు, ఎలా పెట్టానో ఆ దేవుడికే తెలుసు.

"ఎందుకు చేశారు?"

"ఏది?"

"నా తమ్ముడు మీకేం అన్యాయం చేశాడని చేశారు? మీ బండి చెడిపోతే వాడు బాగుచెయ్యలేదా? మీకు జ్వరమొస్తే మూడు రోజులు మంచం పక్కన వాడు కూర్చోలేదా?"

"ఏయ్, నీకు పిచ్చి పట్టిందా? నేను చేశానంటావేంటి?"

"కాజాలు ఊడాలని రాసుంది! ఎవరి మాటండీ ఇది?"

ఆయన ఫోను తీసుకుని చదివారు. మళ్లీ చదివారు. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. నేను బుకాయిస్తారనుకున్నాను, అరుస్తారనుకున్నాను. ఏదీ చెయ్యకుండా ముక్కాలి పీట మీద కూలబడి, నా వైపు చూడకుండా అన్నారు.

"అది మా అమ్మ మాటే. మా ఇంట్లో బొత్తాన్ని కాజా అనే అనేవాళ్లం."

"అయితే?"

"మా అమ్మ దగ్గర పెరిగింది నేనొక్కణ్నే కాదు."

గుర్రుమంటున్న మిషను మోటారు ఆపేశాను.

ఆయనకు ఒక్కతే అక్క, అంటే నాకు వదిన. మా తమ్ముడు నడిపే బస్సులోనే ఆయా. పిల్లల్ని ఎక్కించడం, దించడం, దించాక చివరి సీటు దాకా నడిచి ఎవరైనా మిగిలారేమో చూడడం ఆవిడ పని. ఆ ఉద్యోగం ఇప్పించింది మా తమ్ముడే. ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగాడు.

"ఆ సైటు ఆవిడకి ఎవరు నేర్పారు?"

"నేనే. పొద్దున్నే అందరికీ పువ్వుల బొమ్మలు పంపుకుంటుందిగా, ఫ్రీగా చేసుకోవచ్చని... పోస్టరు చూపించినప్పుడు వీడి ఫోటో లింకు కూడా పంపాను."

"బండి తియ్యండి" అన్నాను.

స్కూలు వెనక బస్సుల షెడ్డుకు చేరేసరికి పదకొండుంబావు. బస్సు తలుపు తెరిచి ఉంది. వదిన లోపల సీట్లు తుడుస్తోంది. మీద నేను కుట్టిన నీలం ఆయా కోటు. నన్ను చూసి చేతిగుడ్డ పిండుతూ, "ఏమైనా తెలిసిందా అమ్మాయ్? పాపం వాడు పొద్దున్నుంచీ ఆఫీసు బయటే కూర్చున్నాడు" అంది. ఆ 'పాపం' అనే మాట వినగానే నాకు కోపం నెత్తికెక్కింది. మెట్లెక్కి తిన్నగా వెళ్లి ఆవిడ కోటు పై బొత్తాన్ని పట్టుకున్నాను.

"ఇదేంటి వదినా?"

"అదేంటే అలా లాగుతావు? కాజా. ఏం, ఊడిందా?"

వెనక మెట్టు మీద మా ఆయన మొహం పక్కకి తిప్పుకున్నారు.

ఆవిడకి అర్థం కాలేదు. నేను ఫోను తెరిచి కళ్ల ముందు పెట్టి పదో బొమ్మ చూపించాను. ఆవిడ పెదాలు కదిలాయి, చదువుకుంది. గుడ్డ చేతిలోంచి జారింది.

"ఇది... ఇది నేనెందుకు చేస్తాను? ఎవరో..."

"అక్కా," అన్నారు మా ఆయన. ఆయన గొంతు అంత చిన్నగా ఎప్పుడూ వినలేదు. "నీ ఫోను ఇలా ఇవ్వు. ఆ గులాబీ నీదో కాదో చూద్దాం."

వదిన ఇవ్వలేదు. ఫోనున్న జేబు మీద చెయ్యి వేసుకుని సీట్లో కూర్చుండిపోయింది. ఇరవై ఏళ్లుగా ఆవిడతో 'మీరు' తప్ప మాట్లాడి ఎరగను నేను. ఆ క్షణాన నోటికొచ్చింది 'నువ్వే'. అది కూడా నాకు తర్వాత తెలిసింది.

"నువ్వు మనిషివేనా? వాడు నీకు అన్నం పెట్టే దారి చూపించాడు. నువ్వు వాడి చేతిలో సీసా పెట్టావు! వేళ్లు లెక్కపెట్టావు! పిల్లలు నవ్వకూడదన్నావు! ఒక్క బొమ్మ దగ్గరైనా చెయ్యి ఆగలేదా నీకు?"

"నిద్రపోతున్నట్టు చేసి ఆపేద్దామనే అనుకున్నానే..." వదిన భోరుమంది. "నిద్రంటే తిట్టి వదిలేస్తారు, మళ్లీ వాడి మాటే నమ్ముతారు. అందుకే..."

"ఏ మాట? వాడేం చెప్పబోయాడని?"

ఆవిడ వేలెత్తి చివరి సీటు వైపు చూపించింది.

మూడు వారాల క్రితం పొద్దున పిల్లల్ని దించేటప్పుడు వదినకి ఫోనొచ్చింది. మాట్లాడుతూ దిగిపోయింది. చివరి సీటు దాకా నడవలేదు. ఆ సీట్లో నాలుగేళ్ల పాప పడుకుని నిద్రపోతోంది. తమ్ముడు బస్సు తెచ్చి షెడ్డులో పెట్టి తాళం వేసి వెళ్లాడు. నలభై నిమిషాల తర్వాత కళ్లజోడు మరిచిపోయానని తిరిగొస్తే, అద్దం మీద చిన్న చేతులు కొడుతున్నాయి. పాప చెమటతో తడిసి ముద్దయింది, అరిచి అరిచి గొంతు పోయింది. వాడు ఎత్తుకుని, నీళ్లు తాగించి, మొహం కడిగి, తరగతి దాకా తీసుకెళ్లాడు.

"వాడు నన్ను తిట్టలేదే," అంది వదిన. "నువ్వే వెళ్లి ఆఫీసులో చెప్పు వదినా, నువ్వు చెప్తే ఒకలా ఉంటుంది, నేను చెప్తే ఒకలా ఉంటుంది అన్నాడు. రోజూ అడిగేవాడు, చెప్పావా అని. నాకు నోరు రాలేదు. ఈ ఉద్యోగం పోతే నేనెక్కడికి పోవాలే? వాడు చెప్పేస్తాడని భయపడి చచ్చాను. తాగుబోతు మాట ఎవరూ నమ్మరని..."

"వాడికి లేదా ఉద్యోగం? వాడికి లేదా పరువు?"

"ఇంత అవుతుందనుకోలేదు. ఏదో తిడతారనుకున్నా."

"పాప సంగతి ఇంకెవరికి తెలుసు?"

"ఎవ్వరికీ తెలియదు. ఒట్టు. వాడికీ నాకూ తప్ప ఈ స్కూల్లో పురుగుకి కూడా తెలియదు."

టైము పదకొండూ నలభై. వదిన చెయ్యి పట్టుకుని లేపాను. రానంది. రాకపోతే బస్సు పైకెక్కి ఊరంతా వినపడేలా అరుస్తానన్నాను. అరుస్తానని ఆవిడకి తెలుసు. మా ఆయన ఆ పద్నాలుగు బొమ్మలూ ప్రింటు తీసుకొస్తానని రోడ్డు మీదికి పరుగెత్తారు. ఇంతకాలానికి ఒక పని చెప్పకుండానే చేశారు.

ఆఫీసు బయట బల్ల మీద తమ్ముడు కూర్చుని ఉన్నాడు. ఉతికి ఇస్త్రీ చేసిన యూనిఫాం వేసుకుని, చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, పరీక్ష రాసొచ్చిన పిల్లాడిలా ఉన్నాడు.

"ఒరేయ్, దొరికిందిరా! ఆ ఫోటో దొంగదని..."

"అక్కా, మెల్లగా," అన్నాడు. "సంతకం పెట్టేశాను."

"ఇంకా పన్నెండు కాలేదు కదరా! ఎందుకు పెట్టావురా దరిద్రుడా? చెయ్యని తప్పుకి ఎందుకు పెట్టావు?"

వాడు తల దించుకున్నాడు. "ఆ చొక్కా నేను మొదటి రోజే గుర్తుపట్టాను అక్కా. ఆ ఫోటో తీసింది బావ. అది ఎలా బయటికొచ్చిందో తవ్వితే నీ ఇల్లు ఏమవుతుంది? బావ ఎందుకు చేశాడో నాకు తెలియదు, కోపమేమైనా ఉందేమో. నాకు ఇంకోచోట స్టీరింగు దొరుకుతుంది. నీకు ఇంకో సంసారం దొరకదు కదా. ఇంటికెళ్లి బావని ఏమీ అనకు."

మూడు రోజులు! మూడు రోజులు ఆ మాట కడుపులో పెట్టుకుని, రోజూ మా ఇంట్లో, మా ఆయన పక్కన కూర్చుని భోంచేసి లేచిపోయాడు. వాణ్ని కొట్టాలో కావలించుకోవాలో తెలియలేదు. కొట్టాను. భుజం మీద రెండు దెబ్బలు గట్టిగానే వేశాను.

"మీ బావ కాదురా పిచ్చి సన్నాసీ! మీ బావకి అంత తెలివెక్కడిది?"

వాడు తలెత్తాడు. నా వెనక నిలబడ్డ వదినను చూశాడు. ఆవిడ మొహం చూసి వాడికి మొత్తం అర్థమైపోయింది.

నేను తలుపు తోసుకుని లోపలికి వెళ్లాను. వదిన చెయ్యి వదల్లేదు. తమ్ముడు కూడా నా వెనకే వచ్చాడు. ప్రిన్సిపాల్ బల్ల మీద ఒకే ఒక కాగితం ఉంది. నేను ఫోను తెరిచి ఆయన ముందు పెట్టి, జేబు సంగతి, సైటు సంగతి, పద్నాలుగు బొమ్మల సంగతి ఊపిరి తీసుకోకుండా చెప్పాను. ఆయన అన్నీ చూశాడు, వేలితో ఒక్కొక్కటే జరుపుతూ చూశాడు. ఆరు వేళ్ల దగ్గర నవ్వాడు కూడా.

"బాగా కనిపెట్టావమ్మా," అన్నాడు. "ఫోటో అబద్ధమే అనుకుందాం. మరి ఈ సంతకం?"

"మీరు బెదిరించి పెట్టించుకున్నారు!"

"నేనెవర్నీ బెదిరించలేదు. చదివి, తనంతట తాను పెట్టాడు. ఫోటో నిజమని మీ తమ్ముడే ఒప్పుకుంటుంటే, కాదనడానికి నువ్వెవరు, నేనెవరు?"

నేను ఆ కాగితం లాక్కున్నాను. మా తమ్ముడి ఎడమచేతి రాత కాదది. టైపు చేసిన కాగితం, కింద వాడి సంతకం మాత్రం ఉంది. విధుల్లో మద్యం సేవించాను, ఫోటోలో ఉన్నది నేనే. అంతవరకు నాకు తెలుసు. దాని కింద ఇంకో వాక్యం ఉంది: "అదే మత్తులో ఒక విద్యార్థినిని బస్సులో మరిచి తాళం వేసిన బాధ్యత కూడా పూర్తిగా నాదే. ఈ విషయం పాఠశాల యాజమాన్యానికి తెలియనివ్వలేదు."

రెండోసారి చదివాను. నా చేతిలో వదిన చెయ్యి చల్లబడింది, ఆవిడ కూడా చదివింది.

"ఈ సంగతి మీకెలా తెలుసు?" అన్నాను.

ప్రిన్సిపాల్ కాగితం కోసం చెయ్యి చాపాడు. సమాధానం చెప్పింది మా తమ్ముడు.

"నేనే చెప్పాను అక్కా. అదే రోజు చెప్పాను. ఎవరి పొరపాటో చెప్పలేదు, పాప నలభై నిమిషాలు లోపలుండిపోయింది, వాళ్ల ఇంట్లో చెప్పండి సార్, డాక్టరుకు చూపించండి సార్ అన్నాను. నేను చూసుకుంటాను, నువ్వు నోరు మెదపకు అన్నారు సార్."

మూడు వారాల నుంచి తెలుసు ఈ పెద్దమనిషికి! పాపని డాక్టరుకు చూపించలేదు, తల్లికి చెప్పలేదు. నోరు విప్పగల మనిషి ఒక్కడే ఉంటే, వాణ్ని తాగుబోతని చూపించే ఫోటో తనంతట తానే నడిచొచ్చింది. ఎవరు చేశారో అడగాల్సిన అవసరం ఈయనకేముంది?

"థూ!" అన్నాను. ఆ మాటకి నాకు ఇప్పటికీ పశ్చాత్తాపం లేదు.

ఆయన గడియారం చూసుకున్నాడు. పన్నెండు. అప్పుడు తెలిసింది నాకు, ఆ పన్నెండు గంటల గడువు మా తమ్ముడి కోసం పెట్టింది కాదని. బయట కారు తలుపు ధడాలున మూసిన చప్పుడైంది. అడుగులు దగ్గరకొచ్చాయి. తలుపు దగ్గర ఒక మనిషి నిలబడ్డాడు, నలిగిన చొక్కా, నిద్రలేని కళ్లు. ఒక చేత్తో నాలుగేళ్ల పాపను ఎత్తుకుని ఉన్నాడు. పాప తండ్రి మెడను రెండు చేతులా కరుచుకుని, మొహం దాచుకుంది.

"మూడు వారాలుగా నా కూతురు బండెక్కాలంటే కేకలు పెడుతోంది," అన్నాడు. "తలుపేస్తే గుక్కపెట్టి ఏడుస్తోంది. సోమవారం రాత్రి వాళ్లమ్మకి చెప్పింది, బస్సులో ఒక్కదాన్నే ఉన్నానని. ఫోన్ చేసి అడిగితే శుక్రవారం పన్నెండింటికి రమ్మన్నారు మీరు. ఎవరు? నా బిడ్డని లోపల పెట్టి తాళం వేసి పోయింది ఎవరు?"

ప్రిన్సిపాల్ లేచి నిలబడి, ఎంతో బాధపడుతున్నవాడిలా తల ఆడించి, పెన్నుతో మా తమ్ముణ్ని చూపించాడు. "ఇతనేనండీ. ఒప్పుకుని రాసిచ్చాడు కూడా."

ఆ తండ్రి పాపను కుర్చీలో దించి, మా తమ్ముడి మీదికి నడిచాడు. తమ్ముడు ఒక్క అడుగు కూడా వెనక్కి వెయ్యలేదు, చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. వదిన వైపు ఒక్కసారి చూసి కళ్లు దించుకున్నాడు. చచ్చినా ఆవిడ పేరు చెప్పడని నాకు తెలుసు. నేను చెప్పేస్తానని నోరు తెరిచాను.

అంతలో వదిన నా చేతిలోంచి తన చెయ్యి విదిలించి లాగేసుకుంది.